రోజూ స్ప్రే కొడుతున్నా ఈగలు తగ్గడం లేదు, అసలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

విసనకర్ర
మూడు వారాలుగా ఇదే యుద్ధం. వంటగది గట్టు రోజుకు నాలుగుసార్లు తుడుస్తున్నాను. ఎంగిలి గిన్నెలు నిలవ ఉంచడం లేదు. కిటికీలకు జాలీలున్నాయి. సాయంత్రం తలుపులు మూసి స్ప్రే కొడితే అరగంటలో ఇరవై ముప్పై ఈగలు రాలుతాయి, ఊడ్చేస్తాను. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అంత మందీ హాజరు! మూడు కంపెనీల స్ప్రేలు మార్చి చూశాను. కిందటి వారం ఇంకో విడ్డూరం. చచ్చాయనుకుని వదిలేసిన వాటిలో కొన్ని కాసేపటికి కాళ్లు ఆడించి, లేచి ఎగిరిపోయాయి. వీటికి చావు లేదా? ఇది చాలదన్నట్టు పెరట్లో పూలకుండీల కింద ఏవో గోధుమరంగు గింజలు, పిట్టలు తెచ్చి పడేస్తున్నట్టున్నాయి, వాటినీ రోజూ ఊడవాలి. చీపురు చేతిలోంచి దిగడం లేదు.

మూలన_కుర్చీ
ఈగలు తోలుకునే ఉద్యోగం అని వినడమే గానీ చూడలేదు. జీతం ఎంత ఇస్తున్నారు?

చేతిలో_బ్యాటు
స్ప్రే దండగ. చిల్లులున్న ప్లాస్టిక్ బ్యాటు ఒకటి చాలు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టండి, కదలలేవు. మధ్యాహ్నం ఎండలో ఎంత కొట్టినా మన చేయి నొప్పే మిగులుతుంది.

అనుమానాల_పుట్ట
పొద్దున ఎందుకు కదలలేవు? వాటికీ నిద్రమత్తు ఉంటుందా? బ్యాటుకు చిల్లులు ఎందుకు?

జీవశాస్త్రం_పంతులు
నిద్రమత్తు కాదు, ఒంటికి వేడి చాలకపోవడం. ఈగ శరీరం చుట్టూ ఉన్న గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత వెచ్చగా ఉంటుంది. ఎగరాలంటే సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలాడించాలి, చల్లబడిన కండరాలతో అది కుదరదు. అందుకే వెలుగు వచ్చాక ఎండపొడ పడే గోడ మీద కూర్చుని ఒళ్లు కాచుకుంటుంది. వాతావరణం 10 డిగ్రీలకు దిగితే దాదాపు కదలిక ఉండదు.

చిల్లుల సంగతి. దాని ఒంటి నిండా సన్నని వెంట్రుకలుంటాయి, గాలి కాస్త తోసినా వాటికి తెలుస్తుంది. అరచేయి వేగంగా వస్తే ముందు గాలి తోపు వెళ్లి కబురు చెబుతుంది. చిల్లుల్లోంచి గాలి జారిపోతే ఆ కబురు అందదు.

చేతిలో_బ్యాటు
ఇన్నేళ్లుగా కొడుతున్నాను, ఇంత శాస్త్రం ఉందని తెలియదు. మరి చేత్తో పట్టుకోబోతే ముందే ఎలా తెలుస్తోంది?

జీవశాస్త్రం_పంతులు
కళ్లు. ఒక్కో కంటిలో సుమారు 4,000 చిన్న కటకాలున్నాయి. బొమ్మ స్పష్టంగా ఉండదు, కదలికను మాత్రం అసాధారణంగా పసిగడతాయి. మనకు సెకనుకు 60 సార్లు వెలిగి ఆరే దీపం నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. ఈగ 250 సార్ల దాకా ప్రతి వెలుగునూ విడిగా చూడగలదు. మీ మెరుపు దెబ్బ దాని లెక్కలో తాపీగా వస్తున్న ఎద్దుబండి.

ఇంకొకటి, దానికి ఎగిరే రెక్కలు రెండే. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు కాడలు మిగిలాయి. రెక్కలతో సమానమైన వేగంతో అవీ ఆడుతూ, ఒళ్లు ఏ పక్కకు తిరిగినా ఆ సమాచారం మెడకూ రెక్కల కండరాలకూ అందిస్తాయి. వాటిని తీసేస్తే ఈగ తిన్నగా ఎగరలేదు, గిరగిరా తిరిగి పడిపోతుంది.

మూలన_కుర్చీ
పంతులుగారూ, విసనకర్రగారు చంపే మార్గం అడిగారు. మీరు ఈగకు సన్మానపత్రం చదువుతున్నారు.

స్ప్రే_పక్షపాతి
ఇదంతా ఎందుకు? డోసు చాలడం లేదు, అంతే. మందు రెండింతలు కొట్టి గది రెండు గంటలు మూసి ఉంచండి. మా ఇంట్లో అలాగే చేస్తాం.

కోళ్ల_షెడ్డు
డోసు పెంచమని దయచేసి చెప్పకండి. నేను ఆ దారిలో వెళ్లి దెబ్బతిన్నవాణ్ణి. షెడ్డులో మొదటి ఏడాది ఒకే మందు కొట్టాను, అద్భుతంగా పనిచేసింది. రెండో ఏడాది రెట్టింపు కొట్టాల్సి వచ్చింది. మూడో ఏడాది ఈగలు ఆ మందు చల్లిన గోడ మీదే కూర్చుని కాళ్లు రుద్దుకునేవి.

విసనకర్రగారూ, మీరు మూడు కంపెనీలు మార్చానన్నారు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు చూశారా? సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇమిప్రోత్రిన్ ఇలా చివర 'త్రిన్' అని ఉంటే దాదాపు అన్నీ ఒకే కుటుంబం. మీరు మార్చింది డబ్బా రంగు.

విసనకర్ర
ఇప్పుడే వెళ్లి చూశాను. మూడింటి మీదా త్రిన్, త్రిన్, త్రిన్. నోట మాట రావడం లేదు.

జీవశాస్త్రం_పంతులు
రైతుగారు సరిగ్గా చెప్పారు. ఈ కథ పాతదే. డీడీటీ పురుగుల్ని చంపుతుందని పాల్ ముల్లర్ కనిపెట్టింది 1939లో. అందుకు ఆయనకు నోబెల్ వచ్చింది 1948లో. ఈ లోపలే, 1946 నాటికి, స్వీడన్‌లో డీడీటీకి లొంగని ఇంటి ఈగలు కనిపించాయి. అంటే బహుమతి కంటే ఈగలే ముందు వచ్చాయి.

డీడీటీ, ఈ త్రిన్ మందులు రెండూ దెబ్బ కొట్టేది ఒకేచోట, నరాల పొరలో సోడియం వెళ్లే ద్వారాల మీద. తెరుచుకున్న ద్వారం మూసుకోకుండా పట్టి ఉంచుతాయి, నరం అదేపనిగా కొట్టుకుని ఈగ వెల్లకిలా పడుతుంది. ఆ ద్వారం నిర్మాణంలో చిన్న మార్పుతో పుట్టిన ఈగకు మందు సరిగ్గా అంటుకోదు. డీడీటీ మీద నెగ్గిన ఆ మార్పే తర్వాత వచ్చిన త్రిన్ మందుల మీదా పనికొచ్చింది.

లేచి ఎగిరిపోవడం వేరే సంగతి. పడిపోవడం వేరు, చావడం వేరు. ఒంట్లోని ఎంజైములు విషాన్ని విరిచేస్తే ఈగ తేరుకుంటుంది. కొన్ని స్ప్రేలలో పైపెరొనైల్ బ్యూటాక్సైడ్ కలిపేది ఆ ఎంజైముల్ని అడ్డుకోవడానికే.

స్ప్రే_పక్షపాతి
సరే, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో పనిచేస్తోంది కదా?

కోళ్ల_షెడ్డు
పనిచేసినన్నాళ్లు చేస్తుంది. తట్టుకున్న ఈగలే గుడ్లు పెడతాయి కదండీ, మీరు తెలియకుండానే మంచి విత్తనాన్ని ఏరి నాటుతున్నారు. పైగా వంటగదిలో రెండింతల మందు మీరూ పీలుస్తున్నారు.

రాత్రి_షిఫ్టు_నర్సు
నాకు ఈగ మీద హాస్యం రాదు. వార్డులో పనిచేసినవాళ్లకు ఎందుకో తెలుస్తుంది. దానికి నమిలే పళ్లు లేవు, తొండం చివర స్పాంజి లాంటి మెత్త ఉంటుంది. ఘనపదార్థం తినలేదు. కాబట్టి ముందు లాలాజలాన్నీ, పొట్టలోంచి కక్కిన ద్రవాన్నీ దాని మీద వదిలి, కరిగాక పీల్చుకుంటుంది. ఆ కక్కిన దాంట్లో అంతకుముందు వాలిన చోటి సరుకంతా ఉంటుంది. కాళ్ల వెంట్రుకలకు అంటింది అదనం.

షిగెల్లా అనే బ్యాక్టీరియా తెచ్చే జిగట విరేచనాలకు వందలోపు సూక్ష్మజీవులు కడుపులోకి వెళ్లినా చాలు, ఈగ కాలికి అది పెద్ద బరువు కాదు. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో చేసిన ఒక పరిశీలన 1991లో వచ్చింది. ఎర ఉచ్చులతో ఈగల్ని 64 శాతం తగ్గిస్తే, షిగెల్లాతో వైద్యుడి దగ్గరికి వచ్చినవాళ్లు 85 శాతం తగ్గారు. మందుబిళ్లలతో సాధించినది కాదు, ఈగల్ని పట్టి సాధించినది.

అనుమానాల_పుట్ట
నర్సుగారి పోస్టు చదివాక చేతిలోని కప్పు కింద పెట్టేశాను. ఒక అనుమానం. ఈగను కొట్టినప్పుడు ఎర్రగా అంటుతుంది. అది మన రక్తమేనా?

జీవశాస్త్రం_పంతులు
కాదు, అది కళ్లలోని రంగు. ఈగ రక్తంలో ఎరుపు లేదు. ఊపిరికి రక్తం మీద ఆధారపడదు, ఒంటి పక్కన ఉన్న రంధ్రాల నుంచి గాలి సన్నని గొట్టాల్లో నేరుగా కండరాలకు చేరుతుంది. తల నలిగితే కంటి రంగు మరకవుతుంది. ఇంటి ఈగ మనల్ని కుట్టలేదు, స్పాంజితో ఎవరూ పొడవలేరు కదా.

దారిన_పోయేవాడు
అబద్ధం. నన్ను నిన్ననే ఈగ కుట్టింది. పిక్క మీద. సూది గుచ్చినట్టు.

కోళ్ల_షెడ్డు
మీ చుట్టుపక్కల పశువుల కొట్టం ఉందా? ఉంటే అది వేరే ఈగ. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ నోటి ముందు పొడుచుకు వచ్చిన సూది కనిపిస్తుంది. పశువుల కాళ్లకు పట్టి రక్తం తాగుతుంది. మనిషికైతే పిక్కలే ఇష్టం.

దారిన_పోయేవాడు
ఉంది. క్షమాపణలు ఇంటి ఈగకు.

మందులొద్దు
ఎవరూ చెప్పడం లేదు గానీ, గుమ్మానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి వేలాడదీయండి. అందులో కనిపించే బొమ్మకు ఈగలు జడుసుకుని రావు. ఖర్చు లేదు, విషం లేదు.

లెక్కల_చిట్టా
నేనూ నమ్మి చేశాను. తర్వాత అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒకే గుమ్మం దగ్గర జిగురు పట్టీ కట్టి, పది రోజులు సంచితో, పది రోజులు సంచి లేకుండా. సంచి ఉన్న రోజుల్లో పట్టీకి అంటినవి 143. లేని రోజుల్లో 138. సంచి మీదే కూర్చుని సేద తీరుతున్న ఈగ ఫోటో కూడా ఉంది.

మందులొద్దు
మీరు సంచి సరిగ్గా కట్టి ఉండరు.

లెక్కల_చిట్టా
ముడి ఎలా వేయాలో ఈగలకు తెలిస్తే చెప్పమనండి, మళ్లీ కడతాను. ఇక్కడే ఇంకో లెక్క. ఒక ఆడ ఈగ జీవితంలో సుమారు 500 గుడ్లు పెడుతుంది, విడతకు నూరు అటూ ఇటూగా. సగం ఆడవి అనుకుంటే 250. అవి ఒక్కోటి 500 పెడితే 1,25,000. అందులో సగం ఆడవి మళ్లీ పెడితే 3 కోట్ల 12 లక్షల 50 వేలు. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు చాలు. విసనకర్రగారి స్ప్రే రోజుకు ముప్పై చంపుతోంది. ఎవరు గెలుస్తారు?

మూలన_కుర్చీ
స్ప్రే కంపెనీ.

జీవశాస్త్రం_పంతులు
ఆ లెక్కలో అన్నీ బతుకుతాయి, నిజంలో బతకవు. చీమలు, పేడపురుగులు, గుడ్లు తినే చిన్న పురుగులు, ఎండ, ఇవన్నీ చాలా మటుకు తినేస్తాయి, లేకపోతే ఈపాటికి మనం ఈగల మీద నడిచేవాళ్లం. అయినా అసలు విషయం మాత్రం అదే. కళ్లకు కనిపించే ఈగ కథకు చివరి అధ్యాయం. గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది. తెల్లని పురుగు తడిగా కుళ్లుతున్న దాంట్లో వారం లోపు పెరుగుతుంది. తర్వాత తడి వదిలి పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ పాకి, తన చర్మాన్నే గట్టి పెంకుగా మార్చుకుని అందులో ఈగగా మారుతుంది. వంటగది ఎంత తుడిచినా, గుడ్లు పెట్టే చోటు వంటగది కాకపోవచ్చు.

కోళ్ల_షెడ్డు
ఆగండి ఆగండి. పైకి వెళ్లి మొదటి పోస్టు మళ్లీ చదివాను. పూలకుండీల కింద గోధుమరంగు గింజలన్నారు. ఎంత పొడవుంటాయి? రెండు కొసలూ గుండ్రంగా, చిన్న పీపాలా, అడ్డంగా సన్నని గీతలతో ఉన్నాయా? కొన్నింటికి ఒక కొసన టోపీ ఊడినట్టు తెరుచుకుని ఉందా?

విసనకర్ర
అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. గీతలున్నాయి. కొన్ని ఖాళీ, మీరన్నట్టే మూత ఊడినట్టు. పిట్టలు పప్పు తిని పొట్టు వదిలేశాయనుకున్నాను.

కోళ్ల_షెడ్డు
మూత ఊడనిది ఒకటి గోటితో చిదిమి చూడండి.

రాత్రి_షిఫ్టు_నర్సు
గోటితో వద్దు! పుల్లతో.

విసనకర్ర
చిదిమాను. పుల్లతోనే. మొదటి దాంట్లో తెల్లని పాలలాంటిది. రెండో దాంట్లో ముడుచుకుని పడుకున్న ఈగ. ఎర్రటి కళ్లు కూడా ఉన్నాయి. ఈ పూట నాకు అన్నం వద్దు.

మూలన_కుర్చీ
పిట్టల మీద మోపిన నింద ఉపసంహరించుకోవాలి.

కోళ్ల_షెడ్డు
పురుగు దూరం పాకదు. ఆ కుండీలకు కొన్ని గజాల లోపే తడిది, కుళ్లేది ఏదో ఉంది. చెత్తడబ్బా, కుక్క పెంట, కాలువ, ఎరువు?

విసనకర్ర
చెత్తడబ్బా రోజూ ఖాళీ చేస్తాను. కుక్క లేదు. కంపోస్టు డ్రమ్ము ఉంది, కానీ అది కాదులెండి. రెండు నెలలుగా ఎంతో శ్రద్ధగా చేస్తున్నాను, దాన్నుంచి వాసన కూడా రాదు.

చేతిలో_బ్యాటు
'అది కాదులెండి' అన్నారంటే అదే.

ఎండుటాకు
కంపోస్టు పేరెత్తగానే అందరూ మీద పడిపోతారని తెలుసు. ఏడేళ్లుగా చేస్తున్నాను, ఈగల్లేవు. తప్పు కంపోస్టుది కాదు, తడిది. పెద్ద పోగు మధ్యలో 55, 60 డిగ్రీల వేడి పుడుతుంది, ఆ వేడికి ఈగ పురుగులు బతకవు. కానీ ఇంట్లో పెట్టుకునే చిన్న డ్రమ్ముకు అంత వేడి ఎక్కదు, ఎక్కినా అంచులు చల్లగానే ఉంటాయి, పురుగులు అక్కడికి జరుగుతాయి. మన ముక్కుకు వాసన లేకపోయినా ఈగకు ఉంటుంది. తాజా వ్యర్థం వేసిన ప్రతిసారీ దాని మీద నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులో రంపపు పొట్టో వేస్తున్నారా? మూత కింద సందు ఉందా? లోపలిది పిడికిట పట్టి నొక్కితే నీళ్లు కారుతున్నాయా?

విసనకర్ర
ఆకులు మొదటి నెల వేశాను, తర్వాత బద్ధకించాను. మూత గాలి కోసమని కొంచెం ఎత్తి పెట్టాను. ఇప్పుడే కర్రతో అంచు కెలికాను.

విసనకర్ర
అంచంతా కదులుతోంది.

ఎండుటాకు
ఏ రంగు? అన్నం మెతుకంత తెల్లగా, ఒక కొస సూదిలా ఉంటే ఇంటి ఈగవి. పెద్దగా, బల్లపరుపుగా, మట్టిరంగులో గట్టి చర్మంతో ఉంటే నల్ల సైనిక ఈగ పురుగులు. అవైతే చంపకండి, ఇంట్లోకి వచ్చి వాలే రకం కావు, పైగా వ్యర్థాన్ని చకచకా తినేస్తాయి.

విసనకర్ర
తెల్లవే. సూది కొసలే.

స్ప్రే_పక్షపాతి
డ్రమ్ము నిండా మందు పోయండి, గొడవ వదులుతుంది.

ఎండుటాకు
పోస్తే ఆ ఎరువు ఇక మొక్కలకు వేయలేరు. లోపల ఈగ గుడ్లను తినే జీవులూ చస్తాయి. మందు ఆరాక మొదట తిరిగొచ్చేది ఈగే.

కోళ్ల_షెడ్డు
ఇది నేనూ చెబుతాను. షెడ్డులో ఎరువు మొత్తం ఒకేసారి ఎత్తి కడిగేసిన నెలలో ఈగలు విపరీతంగా పెరిగేవి. పాత, పొడి ఎరువులో గుడ్లు తినే నల్ల పురుగులు, పేలంత జీవులు ఉంటాయి, ప్యూపాల్లో, అంటే ఈగ తయారయ్యే ఆ గింజల్లాంటి పెంకుల్లో, గుడ్లు పెట్టే సన్నని కందిరీగలుంటాయి. మనం కడిగితే సైన్యమంతా పోతుంది. ఇప్పుడు ఒక వరస ఎత్తితే ఇంకో వరస ఉంచుతాం. అన్నిటికన్నా పనిచేసింది మాత్రం నీటి గొట్టాల కారుడు ఆపడం. ఎరువు ఆరితే గుడ్డు పొదగదు, అంతే.

జీవశాస్త్రం_పంతులు
డ్రమ్ముకు చేయాల్సింది కూడా అదే. ఉన్నదంతా కలియబెట్టి, ఎండు సరుకు బాగా కలిపి, నల్లని ప్లాస్టిక్ కప్పి మూడు నాలుగు రోజులు మండుటెండలో గాలి చొరబడకుండా బిగించండి. 50 డిగ్రీలు దాటితే పురుగులు నిలవవు. తర్వాత గాలి రంధ్రాలకు సన్నని జాలీ బిగించి మళ్లీ మొదలుపెట్టండి.

కోళ్ల_షెడ్డు
కుండీల కింది ప్యూపాలను ఏరి మరిగే నీళ్లలో వేయండి. ఇంతకీ విసనకర్రగారూ, ఒకటి అడగాలి. ఇన్నాళ్లూ ఆ గింజలు ఊడ్చి ఎక్కడ పారేశారు?

విసనకర్ర
చెప్పక తప్పదా?

కోళ్ల_షెడ్డు
చెప్పండి.

విసనకర్ర
గింజలు కదా, మట్టిలో కలిసిపోతాయి కదా అని కంపోస్టు డ్రమ్ములోనే వేశాను. మూడు వారాలుగా. రోజూ.

మూలన_కుర్చీ
జీతం గురించి అడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఉద్యోగం కాదు, సొంత వ్యాపారం.

లెక్కల_చిట్టా
పెంపకందారు, కసాయి ఒకరే. ఉత్పత్తి నిరంతరం.

విసనకర్ర
నవ్వండి. నేనూ నవ్వుతున్నాను, కాసేపు అయ్యాక.

అనుమానాల_పుట్ట
మధ్యలో ఒకటి. మా కిటికీ అద్దానికి ఒక ఈగ చచ్చి అతుక్కుని ఉంది. రెక్కలు పైకెత్తి, పొట్ట మీద తెల్లటి పట్టీలు, చుట్టూ అద్దం మీద పిండి చల్లినట్టు. ఇది ఏ మందు ఫలితం?

జీవశాస్త్రం_పంతులు
మందు కాదు, బూజు. ఈగల్నే పట్టే ఒక శిలీంధ్రం. లోపల పెరిగి, చివరి గంటల్లో ఈగను ఎత్తైన చోటికి ఎక్కించి, తొండంతో అక్కడే అతికించి, రెక్కలు పైకి లేపిస్తుంది. అప్పుడు పొట్టలోంచి బీజాలు చుట్టూ చిమ్ముతుంది. ఆ పిండి అదే. మనుషులకు ఏమీ కాదు. ఎక్కడ చావాలో కూడా ఈగ చేతిలో లేకుండా చేయడం చూస్తే నాకే కాస్త జాలి వేస్తుంది.

రాత్రి_షిఫ్టు_నర్సు
నాకు వేయదు.

విసనకర్ర
నాలుగో రోజు. డ్రమ్ము ఎండలో బిగించాను. కుండీల కింద గరిటెడు ప్యూపాలు మరిగే నీళ్లలో వేశాను. అయినా వంటగదిలో ఈగలు అలాగే ఉన్నాయి. మీరందరూ నన్ను మోసం చేశారా?

జీవశాస్త్రం_పంతులు
మీకు దొరకని ప్యూపాలు మట్టి లోపల ఉంటాయి. ఆ పెంకు మీద స్ప్రే దిగదు. పుట్టే ఈగ నుదుటి మీద ఒక సంచి ఉంటుంది, రక్తంతో దాన్ని బెలూన్‌లా ఉబ్బించి పెంకు మూత తోసేస్తుంది, మట్టినీ తోసుకుంటూ పైకి వస్తుంది. పైకి వచ్చాక ఆ సంచి లోపలికి ముడుచుకుని ఇక ఎప్పటికీ పనిచేయదు. వారం ఓపిక పట్టండి. ఉన్నవి రెండు మూడు వారాలు బతుకుతాయి, కొత్తవి పుట్టకపోతే చాలు.

కోళ్ల_షెడ్డు
ఈలోగా జిగురు పట్టీలు కట్టండి. ఎక్కడ పడితే అక్కడ కాదు. రాత్రి ఈగలు కూర్చునే చోటు వెతకండి. వేలాడే వైర్లు, తలుపు అంచులు, పైకప్పు మూలలు. నల్ల చుక్కలుంటే అది రెట్ట, లేత పసుపు చుక్కలైతే కక్కినది. చుక్కలు దట్టంగా ఉన్న చోట పట్టీ కడితే తెల్లారేసరికి నిండుతుంది.

దారిన_పోయేవాడు
మా దగ్గర నీలం దీపం ఉచ్చు ఉంది, చిటచిటమని కాలుస్తుంది. భోజనాల బల్ల మీదే పెట్టాం, ఈగలు వచ్చేది అక్కడికే కదా.

రాత్రి_షిఫ్టు_నర్సు
వెంటనే తీసేయండి. కరెంటుకు కాలినప్పుడు ఈగ తునాతునకలై, దాని మీద ఉన్న సూక్ష్మజీవులతో సహా చుట్టూ చిమ్ముతుంది. జిగురు పలక ఉండే రకం మేలు. దాన్ని కూడా తినే చోటికి దూరంగా, కిటికీ వెలుగు పడని గోడకు పెట్టండి. పగటి వెలుగులోనూ ఆ అతినీల కిరణాలు ఉంటాయి, దానితో పోటీపడి దీపం ఓడిపోతుంది.

చేతిలో_బ్యాటు
మా పక్కింటివారు ఎర వేసిన సీసా ఉచ్చు గుమ్మం పక్కనే పెట్టారు. వీధిలో ఈగలన్నీ వాళ్లింటికే విందుకు వచ్చాయి.

కోళ్ల_షెడ్డు
అది ఇంటికి వీలైనంత దూరంగా పెట్టాలి. రమ్మని పిలిచి గుమ్మంలో నిలబెడితే లోపలికి రాక ఏం చేస్తాయి?

విసనకర్ర
పదకొండో రోజు. నిన్న రోజంతా కలిపి మూడు. స్ప్రే ముట్టుకోలేదు. డ్రమ్ములో ఆకుల పొర వేసి, రంధ్రాలకు జాలీ కుట్టాను. అంచు కెలికితే కదలిక లేదు. అందరికీ నమస్కారం, కోళ్ల షెడ్డుగారికి రెండు.

ఒక్క చిన్న సంగతి. ఒకటి మిగిలింది. మామూలు దానికంటే చిన్నది, పిల్ల ఈగ అనుకుంటాను. ఎక్కడా వాలదు. గది మధ్యలో దీపం కింద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, మూలమలుపులు తిరుగుతూ గంటల తరబడి కాపలా కాస్తోంది.

జీవశాస్త్రం_పంతులు
పిల్ల ఈగలుండవు. రెక్కలతో బయటికి వచ్చాక ఈగ ఇక పెరగదు. మీరు చూస్తున్నది వేరే జాతి, చిన్న ఇంటి ఈగ. అలా గస్తీ తిరిగేది మగది, ఆడది వస్తుందేమోనని చూస్తూ ఉంటుంది.

విసనకర్ర
మగది ఎదురుచూస్తోందంటే ఆడది కూడా ఉంటుందన్నమాట. అవి ఎక్కడ పుడతాయి?

కోళ్ల_షెడ్డు
వాటికి ఇంకా తడి కావాలి. చిక్కటి ద్రవంలా ఉన్న కుళ్లు. మీ డ్రమ్ము అడుగున కారే రసం పట్టడానికి ఏమైనా పెట్టారా?

విసనకర్ర
పళ్లెం ఉంది. రెండు నెలలుగా తీయలేదు. టార్చి తీసుకుని వెళుతున్నాను.